చదువుల సందేహాలు: తోట అమ్మవలసిన పని లేదు

ప్రశ్న: అయ్యా, మాది చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం మండలం. నాలుగెకరాల తోతాపురి తోట, రెండు పాడి ఆవులు మా జీవనాధారం. పదో తరగతి వరకు ప్రభుత్వ పాఠశాలలో చదివిన మా అమ్మాయి ఇప్పుడు తిరుపతిలో హాస్టల్లో ఉండి ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. ఇంటర్ కాగానే అమెరికాలో హార్వర్డ్, ప్రిన్స్‌టన్ వంటి పెద్ద ప్రైవేటు విశ్వవిద్యాలయంలో డిగ్రీ చదువుతానని పట్టుబడుతోంది. ఒక కన్సల్టెన్సీలో విచారిస్తే ఏడాదికి 70 లక్షల రూపాయలు అవుతుందన్నారు. తోట అమ్మినా నాలుగేళ్లకు సరిపోదు. పిల్లను కాదనలేను, అవుననలేను. ఏం చేయమంటారు?
– ఒక రైతు

సమాధానం: తోట అమ్మవద్దు. తోట అమ్మితే తప్ప చదవలేని చోటికి పిల్లను పంపమని నేను ఎవరికీ చెప్పను. అయితే మీ అమ్మాయి పేర్లు చెప్పిన విశ్వవిద్యాలయాలు అటువంటివి కావు.

కన్సల్టెన్సీ వారు చెప్పిన అంకె తప్పు కాదు. హార్వర్డ్‌లో ఫీజు, వసతి, భోజనం అన్నీ కలిపితే ఏడాదికి 80 వేల డాలర్లు దాటుతుంది. కాని అది స్తోమత ఉన్నవారు కట్టే మొత్తం. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, డార్ట్‌మత్ వంటి కొన్ని సంస్థలు విద్యార్థి విదేశీయుడైనా సరే, సీటు ఇచ్చేటప్పుడు డబ్బు కట్టగలడా లేదా అన్నది చూడవు. ఎంపిక చేసుకున్న తరువాత ఆ కుటుంబం ఎంత భరించగలదో తమ పద్ధతిలో లెక్కగట్టి, మిగిలినదంతా తామే భరిస్తాయి. ప్రిన్స్‌టన్ అయితే 2001 నుంచి ఈ సాయంలో అప్పు అనే భాగాన్నే తీసివేసి, తిరిగి చెల్లించనవసరం లేని గ్రాంటుగా ఇస్తోంది. ఈ సంస్థలు సీట్లు ఇప్పించేందుకు ఏజెంట్లను పెట్టుకోవు కనుక, సీటు ఇప్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే లేచి వచ్చేయండి.

అన్ని పెద్ద విశ్వవిద్యాలయాలకూ ఒకటే పద్ధతి అనుకోవద్దు. ఉదాహరణకు స్టాన్‌ఫర్డ్, విదేశీ విద్యార్థి సాయం కోరుతున్నాడా లేదా అన్నది ఎంపికలో పరిగణనలోకి తీసుకుంటుంది. సాయం అడిగితే సీటు రాదేమోనని భయపడి దరఖాస్తులో 'అవసరం లేదు' అని రాస్తే, చేరిన తరువాత నాలుగేళ్లూ అక్కడ అడిగే అవకాశం ఉండదు. మన జిల్లాల్లో పిల్ల చదువుకు చేయి చాచడం నామోషీ అనుకునే తండ్రులు చాలామంది ఉన్నారు. దయచేసి ఆ మొహమాటాన్ని ఈ దరఖాస్తు దగ్గరికి రానివ్వకండి. ఇది దానం అడగడం కాదు, ఆ సంస్థ తన నిబంధనల్లో తానే రాసి పెట్టుకున్న దానిని కోరడం.

అసలు కష్టం మీ ఆదాయాన్ని కాగితం మీద చూపించడంలో వస్తుంది. ఎక్కువ సంస్థలు కుటుంబ ఆదాయం, ఆస్తుల వివరాలు అడిగే 'సీఎస్ఎస్ ప్రొఫైల్' అనే ఫారం నింపమంటాయి. అందులో తల్లిదండ్రుల ఆదాయపు పన్ను రిటర్నులు అడుగుతారు. వ్యవసాయ ఆదాయానికి మన దేశంలో ఆదాయపు పన్ను లేదు కాబట్టి మీరు రిటర్ను వేసి ఉండరు. కొన్నేళ్ల క్రితం పుత్తూరు వైపు నుంచి ఒక కుర్రవాడు తల్లిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఆదాయానికి రుజువేమైనా ఉందా అని అడిగితే, ఆమె సంచిలోంచి రబ్బరు బ్యాండు వేసిన ఒక కట్ట తీసి బల్ల మీద పెట్టింది. పాల కేంద్రం వారు పదిహేను రోజులకొకసారి ఇచ్చే చీటీలు, వరుస తప్పకుండా రెండేళ్లవి, కొన్నింటి మీద పసుపు మరకలతో సహా ఉన్నాయి. వాటిని నెలలవారీగా కూడి, తహశీల్దారు ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రం, పట్టాదారు పాసుపుస్తకం నకలు, బ్యాంకు పాసుపుస్తకం పేజీలు జతచేసి, పన్ను రిటర్ను ఎందుకు లేదో ఇంగ్లీషులో ఒక పేజీ ఉత్తరం రాశాము. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లీషు అనువాదం పెట్టాము. ఆ తల్లి దాచిన చీటీలకన్నా నిజాయితీ గల లెక్కను నేను చూడలేదు. మీరు కూడా ఈ రోజు నుంచే పాల చీటీలు, మండీలో మామిడికాయలు తూకం వేసిన రసీదులు దాచి పెట్టండి. ధర పడిపోయిన ఏడాదిని పడిపోయినట్లే చూపండి; పరువు కోసం ఎక్కువ రాయవద్దు, సాయం కోసం తక్కువా రాయవద్దు.

ఇక అమ్మాయి చేయవలసినవి. తొమ్మిదో తరగతి నుంచి మార్కుల జాబితాలు, ఇద్దరు అధ్యాపకుల సిఫారసు లేఖలు, కళాశాల నుంచి ఒక లేఖ కావాలి. ఇటువంటి లేఖ రాయడం అలవాటు లేని కళాశాలలు ఉన్నాయి కనుక ప్రిన్సిపాల్ గారిని ఇప్పుడే మర్యాదగా కలిసి చెప్పి ఉంచండి. అమెరికా డిగ్రీ ప్రవేశాలకు రాసే శాట్ పరీక్షను కొవిడ్ సమయంలో చాలా సంస్థలు సడలించినా, ఎంఐటీ 2022లో, హార్వర్డ్ 2024లో దానిని మళ్లీ తప్పనిసరి చేశాయి. హార్వర్డ్, ప్రిన్స్‌టన్‌లకు సాధారణ గడువు జనవరి 1, ఫలితాలు మార్చి చివర. అంటే ఆ ఒత్తిడంతా ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షల మీదే పడుతుంది. దరఖాస్తుతో పంపే వ్యాసం రాసేటప్పుడు గొప్ప మాటల కోసం వెతుక్కోకుండా, తోటలో కాపు కోసే రోజుల్లో తాను చూసినది, చేసినది రాయమనండి.

ఒక మాట దాచకుండా చెప్పాలి. నూరుమంది దరఖాస్తు చేస్తే హార్వర్డ్, ప్రిన్స్‌టన్ వంటి చోట్ల ఐదుగురికి కూడా సీటు రాదు, విదేశీయులకు ఎంఐటీ వంటి చోట ఇంకా కష్టం. అందుచేత జేఈఈ, ఈఏపీసెట్ సాధన ఆపవద్దు. 2015లో మొదలైన ఐఐటీ, సైన్సు చదువులకు పేరున్న కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐసర్ రెండూ మీకు దగ్గరలో ఏర్పేడు వద్దనే ఉన్నాయి. ఐసర్‌కు వేరే ప్రవేశ పరీక్ష ఉంటుంది, దానికీ దరఖాస్తు చేయించండి. అమెరికా నుంచి సీటు వచ్చినా సాయం పత్రంలో విమాన టికెట్లు, ఆరోగ్య బీమా ఎవరి ఖర్చో చూసుకున్న తరువాతే అంగీకారం తెలపండి. ఆ ఖర్చు మీ మీద పడితే, మొత్తం ఎంతో అడిగి రాతపూర్వకంగా తెప్పించుకోండి.

ప్రశ్న: మాది తిరుపతి. గత ఆగస్టులో అమెరికాలోని ఒక పేరున్న ప్రైవేటు విశ్వవిద్యాలయంలో పూర్తి సాయంతో డిగ్రీలో చేరాను. ఇంటర్‌లో కళాశాల ప్రథముడిని. ఇక్కడ పన్నెండు మందిమి బల్ల చుట్టూ కూర్చుని చర్చించాలి. నాకు నోరు పెగలడం లేదు. మొదటి వ్యాసానికి 'సి' వచ్చింది. పొరపాటున వచ్చానేమో అనిపిస్తోంది. ఒక సబ్జెక్టు మానేయాలనుకుంటున్నాను.
– ఒక విద్యార్థి

సమాధానం: నాయనా, సబ్జెక్టు మానేసే ముందు విదేశీ విద్యార్థుల కార్యాలయానికి వెళ్లు. విద్యార్థులకు ఇచ్చే ఎఫ్-1 వీసా మీద ఉన్నవారు సెమిస్టరులో నిర్ణీత క్రెడిట్లకు తగ్గితే వీసాకే ఇబ్బంది వస్తుంది.

నీకు వచ్చిన ఇబ్బంది నీ ఒక్కడిదే కాదని ఆ సంస్థలకే తెలుసు. ఎంఐటీలో మొదటి సెమిస్టరుకు గ్రేడ్లే ఇవ్వరు. పాసైతే పాసని రాస్తారు, తప్పితే ఆ సబ్జెక్టు బయటికి వెళ్లే రికార్డులో ఎక్కదు. కొత్తవారు తడబడతారని తెలిసే ఆ ఏర్పాటు చేశారు. మన దగ్గర లెక్చరర్ చెబుతుంటే రాసుకోవడం, స్టడీ అవర్లో బట్టీ పట్టడం అలవాటు. అక్కడ అడగనివాడికి ఏమీ దొరకదు. ప్రతి ప్రొఫెసరూ వారానికి కొన్ని గంటలు తన గదిలో విద్యార్థుల కోసమే కూర్చుంటారు. వాటిని 'ఆఫీస్ అవర్స్' అంటారు. ఆ గదికి వెళ్లడం తక్కువతనమని, తెలివి లేనివారే వెళతారని మనవాళ్లలో ఒక అపోహ ఉంది. పెద్ద పెద్ద పాఠశాలల నుంచి వచ్చిన నీ తోటివారు మొదటి వారం నుంచే వెళుతూ ఉంటారు. వ్యాసం సరిదిద్దుకోవడానికి 'రైటింగ్ సెంటర్' కూడా ఉంటుంది, అక్కడ రుసుము ఉండదు.

ఈ వారమే ఆ 'సి' వచ్చిన వ్యాసాన్ని చేతిలో పట్టుకుని ప్రొఫెసర్ గారి గదికి వెళ్లు. మార్కులు పెంచమని అడగవద్దు. రెండో పేరా మీద వేలు పెట్టి, 'ఇక్కడ నా వాదన ఎక్కడ తెగిపోయింది?' అని అడుగు. ఆయన చెప్పినది ఆ గదిలో కూర్చుని ఉండగానే కాగితం అంచున రాసుకుని, తిరిగి రాసిన పేరాతో వచ్చే వారం మళ్లీ వెళ్లు.