లాక్‌డౌన్‌లో మన సైకిల్ గ్రూప్: ఒక అక్క ఉత్తరం

హైదరాబాద్,
మే 2021

చెల్లీ,

కొండదారుల్లో సైకిల్ తొక్కే మన ఆడవాళ్ల గ్రూప్ బాధ్యత నీ చేతికి వచ్చీ రాగానే ఈ కోవిడ్ సెకండ్ వేవ్ వచ్చిపడింది. రైడ్‌లు లేకపోతే అందరూ జారిపోతారేమో అక్కా అని ఫోన్‌లో ఒకటే టెన్షన్ పడ్డావు. జారిపోతారు, నిజమే. అయితే భయం కంటే తీరిక లేకపోవడమే మన ఆడవాళ్లను ఎక్కువగా ఆపుతుంది. పనిమనిషి రాదు, పిల్లలకు ఆన్‌లైన్ క్లాసులు, మూడు పూటలా వంట. అదే ఇంట్లో ఆయనగారి సైకిల్‌కి బాల్కనీలో చోటు దొరుకుతుంది, మనవాళ్ల హ్యాండిల్ మీద బట్టలు ఆరేస్తారు! ముందు ఒక్కొక్కరికీ ఓ అరగంట మిగిలేలా చూడు, మిగతావి తర్వాత.

సోమ, గురువారాలు పొద్దున ఆరింటికి వీడియో కాల్ పెట్టు. టైమ్ మార్చకు. "వ్యాయామం చేసుకుంటా" అంటే ఇంట్లో ఎవరూ పట్టించుకోరు గానీ, "ఆరింటికి గ్రూప్ కాల్ ఉంది" అంటే తలుపు తట్టకుండా ఊరుకుంటారు. రానివాళ్లను అందరి ముందూ అడగకు, విడిగా ఫోన్ చెయ్. ఏ అత్తగారికో ఆక్సిమీటర్ పెట్టి చూసుకుంటూ ఉండొచ్చు.

రోజూ పొద్దున ఆరు నుంచి పది దాకా సడలింపు ఇచ్చింది సరుకుల కోసం. అందులో చిలుకూరు వైపు ఓ రౌండ్ కొట్టొద్దామని ఎవరన్నా అంటే ససేమిరా ఒప్పుకోకు. రాళ్ల మీద పడి మణికట్టు విరిగితే, బెడ్లు దొరకని ఈ రోజుల్లో ఎక్కడికని పరిగెడతావు?

సెల్లార్ ఉన్నవాళ్లకు ట్రాక్ స్టాండ్, అంటే కాలు కింద పెట్టకుండా సైకిల్‌ని ఉన్నచోటే నిలపడం, నేర్పించు. ర్యాంప్ మొదట్లో కాస్త ఎత్తు ఉన్నచోట, పెడల్స్ రెండూ నేలకు సమంగా పెట్టి నిలబడాలి. ముందు చక్రం ఎత్తు వైపు కొంచెం తిప్పాలి. సైకిల్ వెనక్కి జారబోతే పెడల్ మీద చిన్న ఒత్తు, ముందుకు పోతే వదులు. చూపు చక్రం మీద కాకుండా నాలుగు అడుగుల అవతల ఉండాలి. మొదట్లో మూడు సెకన్లు నిలిచినా గొప్పే. రేపు అనంతగిరి కొండల్లో రాళ్ల మధ్య దారి వెతుక్కునేటప్పుడు ఇదే పనికొస్తుంది. నిరుడు సైకిళ్లకు గిరాకీ పెరిగినప్పుడు కొత్తగా కొన్నవాళ్లు ఇక్కడే గట్టిపడతారు, వాళ్లను వదలకు.

ట్యూబ్‌లెస్ టైర్లున్న వాళ్లకు ఒక మాట చెప్పు. మన ఎండలకు లోపల పంక్చర్లను పూడ్చే ద్రవం, అదే సీలెంట్, రెండు మూడు నెలల్లో ఎండిపోతుంది. వారానికోసారి గాలి కొట్టి చక్రం తిప్పి ఉంచమను.

కోవిడ్ వచ్చి తగ్గినవాళ్ల విషయంలో మాత్రం కఠినంగా ఉండు. లక్షణాలు మొదలయ్యాక కనీసం పది రోజులు విశ్రాంతి, అవి పూర్తిగా పోయాక ఇంకో వారం ఆగాలన్నది క్రీడా వైద్యుల మాట. గుండె కండరానికి వాపు వచ్చే ప్రమాదం ఉంటుంది. ఛాతీలో నొప్పి, గుండె దడ, ఆయాసం ఉంటే డాక్టర్ సరే అనేదాకా పెడల్ ముట్టుకోకూడదు. రైడ్‌ల లెక్క చూపించే స్ట్రావా యాప్‌లో వెనకబడిపోతున్నామని తొందరపడేవాళ్లే ఎక్కువ. అందుకే గ్రూప్ పోటీలన్నీ ఇప్పటికి ఆపేయ్.

టీకా స్లాట్లు పట్టడంలో చేతి వేగం ఉన్నవాళ్లు మిగతావాళ్లకు సాయం చేయాలి. మన ఇళ్లలో పనిచేసేవాళ్లకు కూడా.

లాక్‌డౌన్ ఎత్తేశాక ఒకేసారి పదిహేను మందితో మొదలుపెట్టకు. దగ్గర్లో ఉండేవాళ్లను ఇద్దరిద్దరుగా జత చెయ్. ఖాళీ దారుల్లో ఒంటరిగా పంపొద్దు, లైవ్ లొకేషన్ తప్పనిసరి. ఎవరి ట్యూబు, పంపు, నీళ్లు వాళ్లవే. ఎత్తు ఎక్కేటప్పుడు ముక్కు మీద మాస్క్ ఉంటే ఊపిరి తీసుకోవడం కష్టం. కాబట్టి ఎడం పాటించి, ఆగినప్పుడు పెట్టుకోండి. రైడ్ అయ్యాక బండి దగ్గర ఇడ్లీలు పంచుకునే అలవాటు ఉంది చూశావూ, అదొక్కటే ఆపడం కష్టం. పార్సిల్ కట్టించుకుని ఇంటికి పొమ్మను.

గురువారం కాల్‌కి నేనూ వస్తాను. స్క్వాట్లు మాత్రం నాతో చేయించకు, మోకాళ్లు మాట వినడం లేదు.

మీ పెద్దక్క