రెండు పిడుల కత్తి కొనే ముందు

తమ్మీ, నీ మెసేజ్ రెండుసార్లు చదివిన. "అన్నా, మాది పాలమూరు జిల్లా, చిన్నచింతకుంట పక్కన. విస్కాన్సిన్ వచ్చి ఎనిమిది నెలలైతుంది. ఇక్కడ బతుకమ్మకు స్పీకర్ పెట్టి ఆడుతున్నరు, డప్పు లేదు. ఫామ్‌ల యాటను కోసినప్పుడు తోలు పారేస్తున్నరు, అడిగితే ఇస్తమన్నరు. దాంతోటి డప్పు చేద్దామని ఉంది. గీకనీకి కత్తి చూస్తే పది రకాలు కనపడుతున్నయి. ఏది కొనాలె?" అని అడిగినవు. ఇరవై రెండేండ్ల నుంచి ఇక్కడ ఉంటున్న. వీసా గురించి, కారు ఇన్సూరెన్స్ గురించి, అద్దె ఇండ్ల గురించి నన్ను అడిగినోళ్లు ఎంతమందో. తోలు గీకే కత్తి గురించి అడిగింది నువ్వొక్కనివే. అందుకే తీరికగ కూసొని రాస్తున్న.

దాన్ని ఇక్కడ ఫ్లెషింగ్ నైఫ్ అంటరు. అటొక పిడి, ఇటొక పిడి, నడుమ కొంచెం వంపు తిరిగిన అలుగు. కొనేటోళ్లందరు పదును చూస్తరు. నువ్వు మాత్రం ముందు మొండి అంచు చూడు. మంచి కత్తికి ఒకదిక్కు పదును, ఇంకోదిక్కు మొండి ఉంటది. మేకతోలు మీద నీ పని చాలావరకు మొండి అంచుతోటే అయితది.

ఈ సంగతి నాకు తెలియక ఒక తోలు పాడుచేసిన. మొదటి కత్తి ఇరవై డాలర్లకు కొన్న. రెండు దిక్కుల పదునే. వీపు మీద మంచిగనే నడిచింది, కొవ్వు పొరలు పొరలుగ లేచి వస్తుంటే సంబురపడ్డ. ముందుకాళ్ల సందుకు వచ్చినంక తోలు పలచబడ్డది నాకు తెలియలేదు. చేతికి ఏ అడ్డూ తగల్లేదు, కత్తి అవతలికి పోయింది. ఐదు చిల్లులు, ఒక్కోటి శనగగింజంత. చిన్నవే కదా అనుకొని అదే తోలు పలకకు, అంటే డప్పు చట్రానికి, ఎక్కించిన. ఆరుతుంటే బిగుసుకున్నది, చిల్లులు సాగి కోడిగుడ్డు ఆకారమైనయి. కాగబెట్టనీకి మంట దగ్గర పట్టుకున్నంక ఒక చిల్లు నుంచి అంచు దాక సర్రున చినిగింది. పక్కన నా బిడ్డ డప్పు కొట్టే సిర్ర, సిటికెన పుల్ల చేతుల పట్టుకొని నిలబడ్డది. ఆ పిల్ల ముఖం నాకు ఇప్పటికీ యాదికుంది.

మాంసం పొర, కొవ్వు తోలును అతుక్కొని ఉంటయి గని తోలుల భాగం కావు. వాటిని కోయొద్దు, నెట్టాలె. అలుగును నిటారుగ పెట్టి, ఒంటి బరువు మోపి, మెడ నుంచి తోక దిక్కు నెడితే పొర ముద్దగ చుట్టుకుంటూ వస్తది. మొండి అంచు అంటే గుండ్రంగ అరిగిపోయిన అంచు కాదు. గుండ్రంగుంటే కొవ్వు మీద జారిపోతది. స్టీలు స్కేలు అంచు చూసినవు కదా, వేలు పెడితే తెగదు, గోరు పెట్టి గీకితే తెల్లటి పొడి రాలుతది. అట్ల ఉండాలె. కత్తి చేతికి వచ్చినంక బొటనవేలి గోరు మీద చూడు. మొండి అంచు పొడి రాల్చాలె, పదునంచు గోరుల దిగబడి ఆగాలె. తర్వాత కొంచెం దూది తీసుకొని మొండి అంచు పొడుగునా లాగు. ఎక్కడన్న పోగు పట్టుకున్నదంటే అక్కడ కంటికి కనిపించని గరుకున్నట్టు. కొత్త కత్తులకు అది మామూలే. సన్నటి సాన రాయి మీద నాలుగుసార్లు రుద్దితే పోతది. రుద్దకుంటే అదే గరుకు తోలు పొడుగునా గీతలు పెడతది.

పదునంచు అక్కరలేదని కాదు. మెడ, బుజాల మీద తెల్లటి గట్టి పొర ఒకటి ఎంత నెట్టినా కదలదు. అక్కడ కత్తి తిప్పి, అలుగును తోలుకు దాదాపు ఆనించి పడుకోబెట్టి, పక్కకు జార్చుకుంట పలచగ చెక్కాలె. పొట్ట దగ్గర, చంకల్ల, గజ్జల్ల ఆ అంచు తాకనే తాకొద్దు. ఆడ మేకైతే పొదుగు చుట్టు ఇంకా జాగ్రత్త, చన్నుమొనలు అలుగుకు తట్టుకొని ఊడివస్తయి, అక్కడ చిల్లు పడ్డట్టే.

ఇప్పుడు వంపు సంగతి. కత్తిని ఒక్కదాన్నే చూసి వంపు మంచిదో కాదో చెప్పలేవు, దుంగతోటి కలిపి చూడాలె. గీకేటప్పుడు తోలు కింద ఏటవాలుగ పెట్టే దుంగను ఇక్కడ బీమ్ అంటరు. దుంగ గుండ్రానికి, అలుగు వంపుకు పొత్తు కుదరాలె. అలుగు దుంగకంటె ఎక్కువ వంగి ఉంటే నడుమ తేలి, రెండు మూలలు తోలుల గుచ్చుకుంటయి. తిన్నగ ఉంటే నడుమ ఒక్క చోటనే బరువంత పడుతది. అలుగును దుంగ మీద పెట్టి వెనక నుంచి టార్చి కొట్టు, వెలుతురు ఎక్కడ జారుతుందో తెలుస్తది. చెక్క దొరకకుంటే లావు పీవీసీ పైపు వాడు, ముడులుండవు, నున్నగ ఉంటది. చెక్క దుంగ మీద చిన్న ముడి ఉన్నా, ఎండిన కొవ్వు పలుకు ఒకటి అంటుకొని ఉన్నా, దాని మీద తోలు ఉబ్బుతది, కత్తి సరిగ్గ అక్కడనే కోస్తది. చిల్లు పడితే మనం కత్తిని తిడతం, తప్పు కిందిది. దుంగ పై కొస నీ నడుము ఎత్తుకు రావాలె, తోలు కొసను నీ పొట్టకూ దుంగకూ నడుమ నొక్కి పట్టాలె. మందమైన ఏప్రాన్ కట్టుకో.

పొడవు విషయం ఎక్కువ ఆలోచించకు. మేకకు పన్నెండు, పదిహేను అంగుళాల అలుగు చాలు. ఇరవై దాటినయి ఆవుతోళ్లకు, పెద్ద జింకతోళ్లకు. ఇక్కడ బొచ్చు జంతువులను పట్టే ట్రాపర్లు నెక్కర్ 600 అనే కత్తిని బాగ మెచ్చుకుంటరు. రాకూన్, బీవర్ లాంటి కొవ్వు పట్టిన తోళ్లకు అది మంచిదే, ఏడాదికి ఒక డప్పు కట్టేటోనికి అంత ఖర్చు అక్కరలేదు. ఉప్పు, తడి తగిలే పని కాబట్టి కార్బన్ స్టీలు తొందరగ తుప్పు పడుతది, కాని సాన సులువుగ ఎక్కుతది. నేను అదే వాడుత. పని కాంగనే కడిగి, తుడిచి, కొబ్బరి నూనె రాసి పెడుత. పిడులు మాత్రం తప్పకుండ పరీక్ష చేయి. అరచేతులకు వంటనూనె రాసుకొని పట్టుకో. జారితే ఆ కత్తి వద్దు. నిజం పనిల ఇంతకు రెండింతల జిడ్డుంటది.

కత్తి ఎంత మంచిదైనా, తోలు ఒలిచినప్పుడే పాడైతే చేసేదేం లేదు. మన దగ్గర యాటను వేలాడదీసి, పిడికిలి లోపలికి పెట్టి గుద్దుకుంట తోలు ఒలుస్తరు చూడు, అట్ల ఒలవమని ఫామ్ ఆయనకు ముందే చెప్పు. కత్తితో ఒలిస్తే సగం లోతు గాట్లు పడతయి. తడి మీద కనిపించవు, పలకకు బిగించినంక తెల్లటి గీతలై బయటపడతయి. అదే రోజు గీకలేకపోతే తోలు చల్లారనిచ్చి, మాంసం దిక్కు లోపలికి మడిచి ఫ్రీజర్‌ల పెట్టు. గొర్రెతోలు ఇస్తమంటే డప్పుకు తీసుకోకు. దాని పొరల నడుమ కొవ్వుంటది, బలం తక్కువ.

ఊరి నుంచి పచ్చితోలు సూట్‌కేస్‌ల తెప్పించుకునే ఆలోచన మాత్రం పెట్టుకోకు. కస్టమ్స్ వాళ్లు గుంజుకుంటరని మాత్రమే కాదు. 2006ల న్యూయార్క్‌ల డప్పులు చేసే ఒకాయనకు ఆఫ్రికా నుంచి తెచ్చిన మేకతోళ్ల నుంచి ఆంత్రాక్స్ అంటుకుంది. మరుసటి ఏడు కనెక్టికట్‌ల డ్రమ్ములు చేసే ఇంకొక ఇంట్ల అదే జరిగింది. మన గొల్లకురుమలు దొమ్మరోగం అనేది దీన్నే. ఆ రోగంతోటి చచ్చిన యాటను ముట్టొద్దని వాళ్లకు చెప్పాల్సిన పనిలేదు. మనకు వచ్చిన తోలు ఏ యాటదో మనకెట్ల తెలుస్తది? నీ కండ్ల ముందట కోసిన ఆరోగ్యమైన మేక తోలు చాలు. చేతులకు గ్లౌజులు పెట్టుకో, తెగిన గాయముంటే ఆ రోజు పని ఆపు.

అపార్ట్‌మెంట్ బాత్‌రూంల అసలే చేయకు. కొవ్వు పైపుల గడ్డకడితే ఆ ఖర్చు నీ డిపాజిట్ల నుంచి పోతది. ఆ ఫామ్‌లనే ఒక మూల అడుగు. నేను ఇట్లనే ఒక ఫామ్‌ల అడిగినప్పుడు అక్కడి రైతు, డెబ్బై ఏండ్ల ముసలాయన, కాదనలేదు. తన పాత దుంగ తెచ్చి ఇచ్చి, అలుగు ఎట్ల పట్టాల్నో నా మణికట్టు పట్టి చూపించిండు.

ఆ రోజు నాకు మా తాత మతికి వచ్చిండు. మాది సూర్యాపేట దగ్గర. తాత లంద, అంటే తోళ్లు నానబెట్టి ఊనే చోటు, నడిపిండు. సున్నం తొట్టి, తంగేడు చెక్క నానిన నీళ్లు, ఆ వాసనకు ఊరంత ముక్కు మూసుకునేది. పెద్దగట్టు జాతరకు పోవాల్నంటే మాత్రం తాత కట్టిన డప్పు ముందు నడవాల్సిందే. బాపు నన్ను ఆ పని దగ్గరికి రానీయలేదు, చదువుకో అన్నడు. తాత చేతిల నేర్చుకోవాల్సింది అమెరికా రైతు చేతిల నేర్చుకున్న. నీకు అట్ల కావొద్దు. మీ పక్కనే కురుమూర్తి జాతర, దీపావళి దాటినంక స్వామికి ఉద్దాలు, అంటే తోలు పాదుకలు, ఊరేగిస్తరు. ఆ ఉద్దాలు కుట్టే ఇండ్లల్ల పెద్దమనుషులున్నరు. తోలు గీకినంక వీడియో కాల్ చేసి వాళ్లకు చూపించు. ఎక్కడ పొర మిగిలిందో ఫోన్‌ల చూసి చెప్తరు.

డప్పుకు తంగేడు చెక్క వేసే పని పెట్టుకోకు. అది వేస్తే తోలు చెప్పులకు పనికొచ్చేటట్టు మెత్తబడుతది, డప్పుకు పచ్చితోలే పలుకుతది. గీకినంక సున్నం నీళ్లల్ల నానబెట్టి, వెంట్రుక వదులైనంక మళ్లీ ఆ మొండి అంచుతోటే వెంట్రుక తోసేయ్. సున్నం కంట్ల పడొద్దు, అద్దాలు పెట్టుకో. బాగ కడిగి, తడి మీదనే చింతగింజల జిగురుతోటి పలకకు ఎక్కించి నీడకు ఆరబెట్టు.

తాత కత్తి ఇప్పుడు నా దగ్గరనే ఉంది, పోయినసారి ఊరికి పోయినప్పుడు తెచ్చుకున్న. కమ్మరాయన లారీ కమాన్ పట్టీతోటి కొట్టి ఇచ్చింది, పద్నాలుగు అంగుళాల అలుగు. పదునంచు సగం అరిగిపోయింది, మొండి అంచు ఇప్పటికీ సమంగ ఉంది. దాని ఫోటో పంపుతున్న, పక్కన స్కేలు పెట్టి తీసిన. నువ్వు కొనబోయే కత్తి మొండి అంచు కూడ అట్లనే దగ్గరగ తీసి పంపు. డబ్బులు కట్టే ముందు నేను చూస్త.