కాలువలో నీళ్లు ఎవరు పోస్తారు?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది మలికిపురం దగ్గర పల్లెటూరు. పాపకి తొమ్మిదేళ్లు, బాబుకి ఆరు. మావారు కొబ్బరి వ్యాపారం పని మీద ఆదివారం కూడా అంబాజీపేట వెళ్తారు. శనివారం సాయంత్రం పిల్లలకి అబాకస్, ఆదివారం పొద్దున్న డ్రాయింగ్, మధ్యాహ్నం ఏదో ఒక ఫంక్షన్. అది లేకపోతే అంతర్వేది బీచ్‌కి తీసుకెళ్లమని గొడవ. మధ్యలో ప్రశ్నలు. "మన కాలువలో నీళ్లు ఎవరు పోస్తారు?", "బొండంలోకి నీళ్లు ఎలా వెళ్లాయి?" అంటూ పడుకునేదాకా వదలరు. మొన్న బాబు మిక్సీ తిరగేసి స్క్రూలు విప్పేశాడు. ఎదురు ప్రశ్నలు వేయడం నేనే నేర్పానని మా అత్తయ్యగారి మాట. సోమవారానికి నాకు ఓపిక మిగలడం లేదు. ఆదివారం సాయంత్రం కూడా ఏదైనా ట్యూషన్‌లో వేస్తే కుదురుగా ఉంటారంటారా?

జవాబు: వద్దమ్మా. ఉన్నవాటిలోనే ఒకటి తీసేయండి. నేను హైస్కూల్లో చాలా ఏళ్లు సైన్స్ చెప్పాను. "కాలువలో నీళ్లు ఎవరు పోస్తారు" అని తనంతట తాను అడిగే పిల్ల క్లాసుకి ఎప్పుడో ఒకరు దొరికేవారు. మీకు ఇంట్లోనే ఉంది. మీరు అలిసిపోతున్నది ప్రశ్నలవల్ల కాదు, ఒక ప్రశ్న దగ్గర నిలబడే తీరిక లేకుండా పరిగెత్తడంవల్ల.

గోడ క్యాలెండర్ మీద ఆ వారం ప్రశ్నలన్నీ పాప చేతే రాయించండి. శనివారం రాత్రి పిల్లలిద్దరూ కలిసి ఒకటి ఎంచుకోవాలి. ఆదివారం దాని వెనకాలే వెళ్లండి. మిగతావి అడిగితే "క్యాలెండర్లో రాయి" అనండి చాలు. జవాబు వెంటనే చెప్పాల్సిన పని మీకు తప్పుతుంది.

కాలువ ప్రశ్నతోనే మొదలుపెట్టండి. ఇంత మంచి ప్రశ్నకి మీ ఊరికంటే మంచి చోటు లేదు. మీది గోదావరి పాయలైన వశిష్ఠకీ వైనతేయకీ మధ్య ఉన్న నేల. అంటే మీ చేలకు వచ్చే నీళ్లు ఒక నదిని దాటి రావాలి. ఎలా దాటతాయో పాపని ఊహించి బొమ్మ గీయమనండి. తర్వాత పి.గన్నవరం తీసుకెళ్లి అక్విడక్ట్ చూపించండి. కింద వైనతేయ, పైన కాలువ! పక్కనే కాటన్ దొర కాలంనాటి పాతది, కమానులతో. ఇప్పటి దానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ఆకలితో వచ్చినవాళ్లకి వేళ చూడకుండా అన్నం పెట్టిన ఆ తల్లి అక్కడి మనిషే. ఆ కథ మీ బాబుకి నచ్చుతుంది.

ఇంకో ఆదివారం కాలువకి ఎదురు వెళ్లండి. లాకుల దగ్గర కాసేపు ఆగి, బొబ్బర్లంక దాకా. కోనసీమ కాలువలకి నీళ్లు వదిలేది అక్కడే. ఆనకట్ట మీదుగా అవతలికి దాటితే ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఉంది. 1847లో మొదలుపెట్టి 1852కల్లా పాత ఆనకట్ట కట్టారు. ఇప్పుడున్న 175 గేట్ల బ్యారేజీ 1982లో పూర్తయింది. ఈ సంవత్సరాలు పిల్లలకి బట్టీ పెట్టించకండి. గేటు ఎత్తితే ఏమవుతుంది, దించితే నీళ్లు ఎటు పోతాయి అని మాత్రం అడగండి. రెండూ ఒకే ఆదివారం పెట్టుకోకండి, మీకూ విశ్రాంతి కావాలి.

వరదల్లో గట్ల మీదకి వెళ్లొద్దు. ఇంట్లోనే ఒక కాగితం మీద ధవళేశ్వరం నీటిమట్టం రోజూ రాయనివ్వండి. 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. టీవీలో ఆ అంకెలు చెప్తుంటే పాప ఎంత శ్రద్ధగా వింటుందో చూడండి. అంతర్వేదికి వెళ్లినప్పుడు కూడా అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర నది నీళ్ల రంగు, సముద్రం రంగు దూరం నుంచే చూపించండి. అక్కడ దిగనివ్వకండి.

బొండం ప్రశ్న మీవారిది. నెలకో ఆదివారం ఆయన ఇంట్లో ఉండాలి, ఈ విషయంలో గట్టిగానే అడగండి. లేత బొండం, ముదురు కాయ, కురిడీ మూడూ పిల్లల ముందు కొట్టి చూపించమనండి. వేళ్లు తాగిన నీరే చెట్టు కాయలోకి పంపుతుంది. కాయ ముదిరేకొద్దీ లోపలి గోడకి కొబ్బరి పట్టి, నీళ్లు తగ్గుతాయి. ఆయన రోజూ చేతిలో పట్టుకునే సరుకే కాబట్టి మనకంటే బాగా చెప్తారు.

బాబుకి పాడైన టార్చిలైటు, పాత సైకిల్ బెల్లు, ఒక స్క్రూడ్రైవర్ ఇచ్చి విప్పుకోనివ్వండి. కరెంటు వస్తువులు, ఇన్వర్టర్, పాత డబ్బా టీవీ ముట్టుకోకూడదు. ప్లగ్ తీసినా సరే. ఇది బతిమాలి చెప్పేది కాదు, కచ్చితంగా చెప్పాలి.

డ్రాయింగ్ పాపకి ఇష్టమైతే ఉంచండి. అబాకస్ మానిపించినా నష్టం లేదు. ఆదివారం భోజనాలయ్యాక ఒక గంట మీరు పడుకోవాలి. ఆ గంట పిల్లలు అత్తయ్యగారి దగ్గర కూర్చుంటారు. 1986 గోదావరి వరద నాటికి ఆవిడ ఆ ప్రాంతంలోనే ఉంటే, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి, పశువుల్ని ఎటు తోలారు, అన్నం ఎలా వండుకున్నారు అని ఆవిడనే అడగమనండి. నీళ్లు వచ్చిన ఎత్తు ఆవిడ చూపిస్తే పాప గోడ మీద సుద్దముక్కతో గీత గీసి, టేపు పెట్టి కొలవాలి.