డాక్టరే కావాలంటున్న తండ్రి, పీఏ చదువుతానంటున్న కూతురు

ప్రశ్న: మేము చాలా ఏళ్లుగా టెక్సస్‌లో ఉంటున్నాము. మా అమ్మాయికి 24 ఏళ్లు. బయాలజీ డిగ్రీ పూర్తిచేసి ఒక క్లినిక్‌లో మెడికల్ అసిస్టెంట్‌గా పనిచేస్తోంది. డాక్టరు పర్యవేక్షణలో వైద్యం చేసే ఫిజిషియన్ అసిస్టెంట్ (పీఏ) కోర్సుకు నిరుడు ఆగస్టులో దరఖాస్తు చేస్తే రెండు చోట్ల ఇంటర్వ్యూకు పిలిచారు. ఒకచోట కాదన్నారు, రెండోచోట వెయిట్‌లిస్టులో పెట్టి చివరికి సీటు ఇవ్వలేదు. 'డాక్టర్ ఎందుకు కాకూడదు?' అని రెండుచోట్లా అడిగారట. అక్కడే తడబడ్డానని చెప్పి ఏడ్చింది. మావారేమో "ఈ సగం డాక్టర్ చదువెందుకు? ఎంక్యాట్ (వైద్య కళాశాల ప్రవేశపరీక్ష) రాసి ఎండీ (డాక్టరు చదువు)కి వెళ్లు, లేదా పెళ్లి చేసుకో" అంటున్నారు. తండ్రీకూతుళ్ల మధ్య మాటల్లేవు. అమ్మాయి మళ్లీ దరఖాస్తు చేస్తానంటోంది. నేను ఎవరి పక్షాన నిలబడాలి?
— ఒక తల్లి, డాలస్ ప్రాంతం

జవాబు: అమ్మా, మీ అమ్మాయి ఏ ప్రశ్న దగ్గర తడబడిందో మీరు రాసిన వాక్యం వద్ద నేను చాలాసేపు ఆగిపోయాను. కళాశాలవారు అడిగినదీ, మీవారు ఇంట్లో అడుగుతున్నదీ ఒకే ప్రశ్న. పీఏ ఇంటర్వ్యూల్లో అది తప్పకుండా ఎదురయ్యే ప్రశ్నే. అయితే అదే ప్రశ్నను ఇంట్లో నెలల తరబడి, తప్పు చేసినవారిని నిలదీసినట్టు అడుగుతూ ఉంటే, ఆ పిల్ల తన ఎంపికకు కారణం చెప్పడం మానేసి తనను తాను కాపాడుకునే మాటలకు అలవాటు పడుతుంది. 'డాక్టర్ చదువుకు చాలా ఏళ్లు పడుతుంది', 'కుటుంబానికి సమయం మిగలదు' అనే జవాబులు నిజమే కావచ్చు కానీ, వాటి వల్ల ఆమె దేనిని వద్దనుకుంటోందో తెలుస్తుంది తప్ప దేనిని కోరుకుంటోందో తెలియదు. కాబట్టి ఇంట్లో మాటలు తెగిపోవడాన్నీ, ఇంటర్వ్యూలో మాట తడబడడాన్నీ నేను రెండు వేర్వేరు కష్టాలుగా చూడడం లేదు.

మీవారి ఆందోళనను గౌరవంగానే పరిశీలిద్దాము. వైద్యమంటే డాక్టరు, నర్సు, కాంపౌండరు మాత్రమే అనుకుంటూ పెరిగిన తరానికి ఈ వృత్తి కొత్త. 1965లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ యూజీన్ స్టెడ్, వైద్యుల కొరతను చూసి, నౌకాదళంలో వైద్య సహాయకులుగా పనిచేసి వచ్చిన కొద్దిమందితో ఈ చదువును ప్రారంభించారు. ఇప్పుడది మాస్టర్స్ స్థాయి కోర్సు. సాధారణంగా 27 నెలలు, పెద్దగా సెలవులు లేకుండా సాగుతుంది. ఏడాదికి పైగా తరగతులు, ఆ తరువాత ఆస్పత్రుల్లో జనరల్ మెడిసిన్ మొదలుకొని సర్జరీ, ఎమర్జెన్సీ, పిల్లల వైద్యం, మానసిక వైద్యం దాకా విభాగాల వారీ శిక్షణ (రొటేషన్లు), చివర పాన్స్ అనే జాతీయ పరీక్ష, ఆపైన రాష్ట్ర లైసెన్సు ఉంటాయి. పీఏలు రోగిని పరీక్షిస్తారు, రోగ నిర్ధారణ చేస్తారు, 50 రాష్ట్రాల్లోనూ మందులు రాస్తారు. టెక్సస్‌లో డాక్టరు పర్యవేక్షణలో పనిచేస్తారు. 2023 నాటి ప్రభుత్వ లెక్కల ప్రకారం వారి మధ్యస్థ వార్షిక వేతనం సుమారు 1,30,000 డాలర్లు. డాక్టర్లలా రెసిడెన్సీ (ఒక విభాగంలో ఏళ్ల తరబడి ఆస్పత్రి శిక్షణ) చేయకుండానే ఒక విభాగం నుంచి మరొక విభాగానికి మారే వీలు కూడా వారికి ఉంది. దీనిని సగం చదువు అనడం న్యాయం కాదు.

అయినా మీవారి మాటలో ఆలోచించవలసిన భాగం ఒకటుంది. చికిత్సలో చివరి నిర్ణయం తనదే కావాలన్న కోరిక మీ అమ్మాయికి లోపల నిజంగా ఉంటే, నాలుగేళ్ల వైద్య విద్యా, 3 నుంచి 7 ఏళ్ల రెసిడెన్సీయే ఆమె దారి. పీఏ అయిన తరువాత డాక్టరు కావాలనుకుంటే దాదాపు మొదటి నుంచి చదవవలసి వస్తుంది. ఆ కోరిక ఉందో లేదో తండ్రి ఒత్తిడి లేని చోట కూర్చుని ఆమే తేల్చుకోవాలి. క్లినిక్‌లో ఆమె డాక్టర్లనూ పీఏలనూ రోజూ దగ్గరగా చూస్తోంది కదా, ఎవరి పనిదినాన్ని చూసినప్పుడు తనకు ఆ పని చేయాలనిపించింది, ఏ రోగి విషయంలో అలా అనిపించింది అని మీరు మెల్లగా అడగండి. అడిగి ఊరుకోండి, సలహా చేర్చకండి. అక్కడ ఆమె చెప్పే మాటల్లోనే ఇంటర్వ్యూకు కావలసిన జవాబు దొరుకుతుందని నా నమ్మకం.

రెండు ఇంటర్వ్యూలకు పిలుపు వచ్చిందంటే ఆమె దరఖాస్తులో బలం ఉన్నట్టే. కానీ ఆగస్టు అంటే ఆలస్యం. కాస్పా అనే ఉమ్మడి దరఖాస్తు విధానం ప్రతి ఏటా ఏప్రిల్ చివర తెరుచుకుంటుంది. చాలా కళాశాలలు గడువు ముగిసేదాకా ఆగకుండా, దరఖాస్తులు అందిన కొద్దీ పరిశీలించి సీట్లు ఇస్తూ పోతాయి. ఈసారి మే, జూన్ నెలల్లోనే పంపగలిగితే అదొక్కటే గణనీయమైన మార్పు. మార్కులు పెంచుకోవాలనుకుంటే ఒక విషయం గుర్తుంచుకోవాలి: కాస్పా లెక్కించే జీపీఏ (గ్రేడుల సగటు)లో, తిరిగి చదివిన కోర్సుకు పాత గ్రేడూ కొత్త గ్రేడూ రెండూ లెక్కలోకి వస్తాయి. అందువల్ల ఫరవాలేదనిపించే గ్రేడును మెరుగుపరచడానికి డబ్బు పోయడం కంటే పైస్థాయి సైన్సు కోర్సు ఒకటి కొత్తగా చదవడం మేలని నాకు అనిపిస్తుంది. ఉద్యోగం మాత్రం మాననివ్వకండి, రోగుల దగ్గర స్వయంగా పనిచేసిన గంటలకు ఈ దరఖాస్తులో చాలా విలువ ఉంటుంది. సిఫారసు లేఖల్లో ఒకటి ఆమె పనిని చూసిన పీఏ రాసినదైతే మంచిది. దరఖాస్తులో 5,000 అక్షరాలకు మించకుండా రాసే వ్యాసాన్ని పాతది దిద్దకుండా కొత్తగా రాయాలి, ఎందుకంటే మళ్లీ వచ్చినవారిని 'నిరుటికీ ఇప్పటికీ ఏమి మారింది?' అని అడిగే కళాశాలలు అనేకం. సీటు ఇవ్వని రెండు కళాశాలలకూ మర్యాదగా ఉత్తరం రాసి, ఎక్కడ మెరుగుపడాలో చెప్పగలరా అని అడగవచ్చు. కొన్ని చెబుతాయి, కొన్ని చెప్పవు.

ఇక ఇంటర్వ్యూ. కొన్నిచోట్ల ఇద్దరు ముగ్గురు ఎదురుగా కూర్చుని అడుగుతారు. మరికొన్నిచోట్ల గదుల వరుస ఉంటుంది. ప్రతి గది తలుపు మీద ఒక సందర్భం రాసి ఉంచుతారు, దాన్ని చదువుకుని లోపలికి వెళ్లి కొద్ది నిమిషాల్లో మాట్లాడాలి. రోగి చికిత్స వద్దంటే ఏం చేస్తావు, తోటి విద్యార్థి మోసం చేయడం చూస్తే ఏం చేస్తావు వంటివి అడుగుతారు. పర్యవేక్షించే డాక్టరు నిర్ణయం తప్పనిపిస్తే ఏం చేస్తావన్న ప్రశ్న మన ఇళ్లలో పెరిగిన పిల్లలకు ప్రత్యేకంగా కష్టం, పెద్దలకు ఎదురు చెప్పకపోవడమే మర్యాదని మనమే నేర్పాము కాబట్టి. ఆ డాక్టరుతో విడిగా, గౌరవంగా, రోగి క్షేమాన్ని ముందుంచి మాట్లాడతానని చెప్పగలగాలంటే, ఇంట్లో తండ్రితో ఒక్కసారైనా అలా మాట్లాడిన అనుభవం ఉండాలి. మీవారిని కూర్చోబెట్టి, 'డాక్టర్ ఎందుకు కాకూడదు?' అని ఆయన చేతనే అడిగించండి. ఒకటే నియమం: అమ్మాయి మాట పూర్తయ్యేదాకా ఆయన మధ్యలో మాట్లాడకూడదు, ఆ రోజు తీర్పు చెప్పకూడదు.

డబ్బు సంగతి ముందే మాట్లాడుకోండి. 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవారికి గ్రాడ్ ప్లస్ అనే కేంద్ర ప్రభుత్వ రుణం ఉండదు. మిగిలిన కేంద్ర రుణాలకు పరిమితులు ఉన్నాయి. కాబట్టి ఎంత అప్పు దొరుకుతుందో, మీరు ఎంత భరించగలరో ప్రతి కళాశాల ఆర్థిక సహాయ కార్యాలయాన్ని అడిగి తెలుసుకోవాలి. చదువుకుంటూ ఉద్యోగం చేయడం ఈ కోర్సులో సాధ్యం కాదనే అనుకోండి. కళాశాలను ఎంచుకునేటప్పుడు దాని గుర్తింపు ఏ స్థితిలో ఉందో, ఎంతమంది చదువు మధ్యలో మానేశారో, పాన్స్‌లో ఎందరు ఉత్తీర్ణులయ్యారో చూడమనండి. ఈ వివరాలను ఆయా కళాశాలలు బహిరంగంగా ప్రకటించవలసిందే. ఇలాంటి లెక్కలు చూడడం మీవారికి ఇష్టమైతే ఆ పని ఆయనకే అప్పగించండి. కోపంగా ఉన్న తండ్రికి కూతురి ప్రయత్నంలో చేయదగిన పని ఒకటి దొరుకుతుంది.

పెళ్లి మాటను మాత్రం ఈ గొడవ నుంచి పూర్తిగా విడదీయండి. సీటు రానందుకు శిక్షలా పెళ్లిని ముందుకు తెస్తే, రేపు మంచి సంబంధం వచ్చినా ఆమెకు అది ఓటమిగానే కనిపిస్తుంది. పెళ్లి గురించి ఆమె అభిప్రాయం తెలుసుకోవాలంటే వేరే రోజు, వేరేగా అడగండి.

ఎవరి పక్షాన నిలబడాలని అడిగారు. చదువు ఎంపిక విషయంలో మీ అమ్మాయి పక్షాన నిలబడండి, ఆ మాట మీవారికి ఆమె లేనప్పుడు స్పష్టంగా చెప్పండి. కానీ ఒకరి మాటలు మరొకరికి మోసే పని ఈ రోజుతో మానేయండి, మీరు మోస్తున్నంత కాలం వారిద్దరికీ ఎదురెదురుగా మాట్లాడుకునే అవసరం రాదు. ఈలోగా అమ్మాయి నిద్ర, తిండి, స్నేహితులతో రాకపోకలు గమనిస్తూ ఉండండి. రెండు వారాలకు మించి దిగులు తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. బతుకు మీద విరక్తి ధ్వనించే మాట ఒక్కటి వినిపించినా ఆగకండి, ఆత్మహత్య ఆలోచనలు, మానసిక సంక్షోభాల్లో సాయం చేసే 988 నంబరుకు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు.