క్లోమ క్యాన్సర్‌కు ధ్వని తరంగాలు: నొప్పి తగ్గుతుందా, జబ్బు తగ్గుతుందా?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. నాలుగు నెలల కిందట పొట్ట పైభాగంలో మొదలైన నొప్పి వీపులోకి పాకితే, గ్యాస్ అనుకుని చాలా రోజులు మాత్రలు వాడాం. చివరికి సీటీ స్కాన్‌లో క్లోమం (పాంక్రియాస్) మధ్య భాగంలో సుమారు 4 సెంటీమీటర్ల కణితి కనిపించింది. అది పక్కనున్న పెద్ద రక్తనాళాన్ని చుట్టుకుందని, అందువల్ల ఇప్పుడు ఆపరేషన్ కుదరదని చెప్పారు. బయాప్సీలో అడినోకార్సినోమా అనే రకం క్యాన్సర్ అని తేలింది. కాలేయానికి పాకలేదు. కీమోథెరపీ నాలుగు విడతలు పూర్తయ్యాయి గానీ నొప్పి మాత్రం తగ్గలేదు. వెల్లకిలా పడుకోలేక, దిండు ఒళ్లో పెట్టుకుని ముందుకు వంగి కూర్చునే తెల్లవారుస్తున్నారు. ఈ మధ్య మా బావగారు, కోత లేకుండా ధ్వని తరంగాలతో ఈ క్యాన్సర్‌ను మాడ్చేస్తారంటూ ఒక వీడియో పంపారు. ముందు డబ్బు కడితే విదేశంలో ఏర్పాట్లన్నీ తానే చూస్తానని ఒక మధ్యవర్తి తొందరపెడుతున్నాడు. కీమో ఆపేసి అటు వెళ్లమంటారా?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: కీమో ఆపకండి. ఆ వీడియోలో చూపించిన చికిత్స కల్పితమేమీ కాదు, చాలా ఏళ్లుగా ఉన్నదే. అయితే క్లోమ క్యాన్సర్ విషయంలో దానివల్ల ఇప్పటిదాకా స్పష్టంగా కనిపించిన మేలు నొప్పి తగ్గడమే తప్ప, జబ్బు నయం కావడం కాదు. ఈ తేడాను దాచిపెట్టి చెప్పేవారి మాటలకు లొంగిపోవద్దు.

దీనిని ఫోకస్డ్ అల్ట్రాసౌండ్ అంటారు. పొట్ట స్కానింగ్‌లో వాడేదీ మన చెవికి వినిపించని ఇలాంటి ధ్వనే. అక్కడ బలహీనమైన తరంగాలను పంపి, తిరిగి వచ్చిన ప్రతిధ్వనితో బొమ్మ గీస్తారు. ఇక్కడ ఎంతో శక్తిమంతమైన తరంగాలను, భూతద్దం ఎండను ఒక చుక్క మీదికి చేర్చినట్టు, శరీరం లోపల ఒకే బిందువు మీదికి చేరుస్తారు. దారిలో ఉన్న చర్మానికీ కండకూ పెద్దగా వేడి తగలదు గానీ, ఆ బిందువు దగ్గర మాత్రం కొన్ని సెకన్లలోనే వేడి 60 డిగ్రీలు దాటి, అక్కడి కణాలు ఉడికినట్టయి చనిపోతాయి. ఒక్కసారికి మాడేది ఇంచుమించు బియ్యపు గింజంత భాగమే కాబట్టి, స్కానింగ్‌లోనో ఎంఆర్‌ఐలోనో చూసుకుంటూ కణితిని చుక్క తరువాత చుక్కగా పూరించుకుంటూ పోవాలి. అందుకే మత్తు ఇచ్చి గంటల తరబడి చేయాల్సి వస్తుంది. కోత లేదన్న మాట నిజమే గానీ, కోత లేనంత మాత్రాన అది చిన్న పని అనుకోకూడదు.

పైగా క్లోమం ఉన్న చోటు చాలా ఇరుకైనది. ముందు జీర్ణాశయం, వెనుక వెన్నెముక, తలభాగాన్ని చుట్టుకుని ఆంత్రమూలం, ఆనుకునే పేగులకు రక్తం తీసుకెళ్లే పెద్ద నాళాలు ఉంటాయి. స్కానింగ్ చేసేటప్పుడు పొట్ట మీద చల్లటి జెల్ రాయడం మీరు చూసే ఉంటారు. పరికరానికీ చర్మానికీ మధ్య పలుచటి గాలి పొర ఉన్నా ధ్వని లోపలికి పోదు కాబట్టే ఆ జెల్. అలాంటప్పుడు క్లోమానికి ముందున్న పేగుల్లో గ్యాస్ ఉంటే ఎంత అడ్డమో ఊహించుకోండి. అందుకే ముందు రోజుల్లో పీచు తక్కువగా ఉండే ఆహారం పెట్టి, పేగులు శుభ్రం చేసి, పొట్టను నొక్కి పేగులను పక్కకు జరుపుతారు. కొన్ని యంత్రాల్లో రోగిని బోర్లా పడుకోబెట్టి, పొట్ట గాలి తీసేసిన నీటిని తాకేలా ఉంచుతారు. ఇంత చేసినా లక్ష్యం సరిగ్గా కనిపించక, కొందరికి ఈ చికిత్స చేయడం కుదరదు.

నొప్పి ఎందుకు తగ్గుతుందంటే, క్లోమం వెనుక మహాధమని దగ్గర సీలియాక్ ప్లెక్సస్ అనే నాడుల అల్లిక ఉంటుంది. కణితి ఆ నాడుల్లోకి చొచ్చుకుపోవడం వల్లనే మీ నాన్నగారిది వీపులోకి పొడుచుకుపోయే నొప్పి అయింది. ముందుకు వంగితే ఆ ఒత్తిడి కాస్త తగ్గుతుంది. దిండు పట్టుకుని కూర్చున్న మనిషిని చూడగానే నాలాంటి వైద్యులు ముందుగా క్లోమాన్నే అనుమానిస్తారు. తరంగాల వేడికి కణితితో పాటు అక్కడి నాడులు కూడా దెబ్బతిని నొప్పి సంకేతాలు తగ్గుతాయని భావిస్తున్నారు. చైనాలోని చోంగ్‌చింగ్‌లో 1990ల చివరలో వైద్యంలోకి వచ్చిన ఈ పద్ధతి మీద అక్కడా, యూరప్‌లోనూ జరిగిన పరిశీలనల్లో సగానికి మించిన రోగులకు నొప్పి తగ్గింది. కానీ వాటిలో చాలామటుకు, చికిత్స పొందినవారిని పొందనివారితో సరిగ్గా పోల్చి చూసినవి కావు. అందువల్ల ఆయుష్షు పెరుగుతుందని ఎవరైనా గట్టిగా చెబితే, అది ఆధారాన్ని మించిన మాటే అవుతుంది.

కీమో సంగతి అలా కాదు. నాలుగు మందులు కలిపి ఇచ్చే ఫోల్ఫిరినాక్స్‌ను జెమ్‌సిటాబిన్ అనే ఒక్క మందుతో పోల్చి, ఇతర అవయవాలకు పాకిన క్లోమ క్యాన్సర్ రోగుల మీద జరిపిన పరీక్ష ఫలితాలు 2011లో వెలువడ్డాయి. అందులో మధ్యస్థ ఆయుష్షు (సగం మంది రోగులు దాటిన కాలం) 6.8 నెలల నుంచి 11.1 నెలలకు పెరిగింది. అది చిన్న లాభంలా అనిపించవచ్చు గానీ, సరైన పోలికతో రుజువైన లాభం. మీ నాన్నగారికి జబ్బు ఇంకా పాకలేదు. ఇలాంటివారిలో కొందరికి కీమోతో కణితి కుదించుకుపోయి, మొదట కాదన్న ఆపరేషన్ తరువాత సాధ్యమవుతుంది. ఆ అవకాశాన్ని ఒక వీడియో కోసం వదులుకోవద్దని నా సలహా.

ఇక ఈ రాత్రి నొప్పి గురించి. విదేశం దాకా వెళ్లేముందు హైదరాబాదులోనే దొరికేవి రెండు ఉన్నాయి. ఒకటి, నేను చెప్పిన ఆ నాడుల అల్లికలోకే ఎండోస్కోపీ స్కానింగ్ సాయంతోనో, వీపు వైపు నుంచి సూదితోనో ఆల్కహాల్ ఎక్కించి వాటిని మొద్దుబార్చడం. మీకు చూస్తున్న ఆంకాలజిస్టును (క్యాన్సర్ వైద్యుణ్ని) 'సీలియాక్ ప్లెక్సస్ న్యూరోలైసిస్' అని పేరు పెట్టి అడగండి. రెండోది మార్ఫిన్. మార్ఫిన్ అనగానే ఇంట్లో ఏడుపు మొదలవుతుంది, "ఇక అంతేనా డాక్టర్ గారూ" అంటారు. అది అంత్యదశ మందు కాదు, నొప్పి మందు. వేళకు వేసుకుంటూ, దానితో పాటు మలబద్ధకానికి కూడా మందు వాడితే మనిషి నిద్రపోతాడు, తింటాడు, తరువాతి కీమోకు తట్టుకుంటాడు. 2014లో మాదకద్రవ్యాల చట్ట సవరణతో దీని అనుమతుల చిక్కు కూడా తగ్గింది. రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో నొప్పినీ బాధనూ తగ్గించే పాలియేటివ్ కేర్ విభాగమే ఉంది.

ఇవన్నీ చేశాక కూడా నొప్పి లొంగకపోతే, అప్పుడు ఫోకస్డ్ అల్ట్రాసౌండ్ గురించి మీ ఆంకాలజిస్టుతోనే మాట్లాడండి. చర్మం కాలడం, క్లోమం వాయడం, అరుదుగా పేగుకు గాయం కావడం వంటి ప్రమాదాలు ఉన్నాయి. మధ్యవర్తికి మాత్రం ఒక్క రూపాయి కట్టకముందే, స్కాన్ సీడీని చికిత్స చేసే వైద్యులకే నేరుగా పంపించి, ఈ కణితి వారి యంత్రానికి అందుతుందో లేదో, వారు ఆశించేది నొప్పి తగ్గడమా మరొకటా అన్నది రాతపూర్వకంగా తెప్పించుకోండి. రాసి ఇవ్వనంటే మీకు జవాబు దొరికినట్టే.

ప్రశ్న: నాకు కిడ్నీలో రాయిని ధ్వని తరంగాలతోనే పగలగొట్టారు. అదే యంత్రంతో క్లోమంలో గడ్డను పగలగొట్టలేరా?
– ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: లేరు. 1980లో జర్మనీలోని మ్యూనిక్‌లో మొదలైన ఆ లిథోట్రిప్సీలో వాడేవి వేడి పుట్టించే తరంగాలు కావు, ఒక్కో దెబ్బగా తగిలే షాక్ తరంగాలు. పెళుసైన రాయి వాటికి ముక్కలవుతుంది. మెత్తటి కండ అలా పగలదు. కణితిని వేడి లేకుండా ధ్వనితోనే చిదిమేసే హిస్టోట్రిప్సీ అనే మరో పద్ధతి వచ్చింది. అందులో తరంగాలు కణాల మధ్య సూక్ష్మమైన బుడగలను పుట్టించి, అవి పేలే బలంతో కణాలను తునకలు చేస్తాయి. 2023లో అమెరికాలో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ దీనికి అనుమతి ఇచ్చింది, కానీ అది కాలేయంలోని కణితుల కోసం. మీ రాయి పోయింది కదా, నీళ్లు బాగా తాగుతూ ఉండండి.