చిన్నపిల్లలకు బొమ్మలు నేర్పే ఉద్యోగం అసలు ఉందా?

ప్రశ్న: మాది మండపేట దగ్గర పల్లె. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ చదివింది. నీట్ రెండుసార్లు రాసింది, సీటు రాలేదు. చిన్నప్పటి నుంచి బొమ్మలు బాగా వేస్తుంది. ఏడాదిగా ఆదివారాలు మేడ మీద వీధిలో పిల్లలకు డ్రాయింగు నేర్పుతోంది, పదకొండు మంది వస్తున్నారు. ఇప్పుడు ప్రైమరీ స్కూల్లో ఆర్ట్ టీచరు అవుతానంటోంది. డిగ్రీ చేయించి బీఈడీలో చేర్పిస్తే సరిపోతుందా? మా బావమరిది మాత్రం "బొమ్మలు కూడు పెడతాయా" అంటున్నాడు.

జవాబు: నమస్కారమండీ. మీ బావమరిది గారి మాటను కొట్టిపారేయను. పన్నెండేళ్లు ప్రైవేటు స్కూళ్లలో డ్రాయింగు టీచరుగా చేసి ఆ కూడు తిన్నదాన్నే నేను, మొదటి రెండేళ్లు కాస్త పలచగానే తిన్నాను. కాబట్టి ఆశపెట్టే మాటలు కాకుండా ఉన్నదున్నట్టు చెప్తాను, మీ అమ్మాయిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

ముందు బీఈడీ సంగతి. చిన్నపిల్లలకు చెప్పాలనుకుంటే ఆ దారి వద్దు. ఒకటి నుంచి ఐదు తరగతులకు బీఈడీ అర్హత చెల్లదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఆ క్లాసులకు కావాల్సింది డీఎల్ఎడ్, అంటే చిన్న తరగతుల టీచర్ల శిక్షణ కోర్సు, మనం ఇప్పటికీ పాత అలవాటుగా డీఎడ్ అనేది. మూడేళ్ల డిగ్రీ, రెండేళ్ల బీఈడీ చేయించి, ఐదేళ్ల ఫీజులు కట్టి, తీరా ప్రైమరీ గుమ్మం దగ్గర ఆపేశారని నా దగ్గరికి వచ్చిన తల్లిదండ్రులు ఉన్నారు. ఇంకా కాలేజీలో చేరకముందే అడిగారు, సంతోషం.

ఇక అసలు ప్రశ్న, ఆ ఉద్యోగం ఉందా అని. ప్రభుత్వ ప్రైమరీ స్కూల్లో ఆర్ట్ టీచరు అని విడిగా కుర్చీ లేదండీ. 2025 మెగా డీఎస్సీలో, అంటే ప్రభుత్వ టీచర్ల భర్తీలో, 16,347 పోస్టులు వేశారు కదా, అందులో చిన్న క్లాసులు చెప్పే ఎస్జీటీలు 6,371, మిగతావి పెద్ద క్లాసుల స్కూల్ అసిస్టెంట్లు, గ్రాడ్యుయేట్, పోస్ట్ గ్రాడ్యుయేట్ టీచర్లు (టీజీటీలు, పీజీటీలు), ప్రిన్సిపాళ్లు, వ్యాయామ టీచర్లు. డ్రాయింగు మాస్టారికి గడే లేదు. 2009 విద్యాహక్కు చట్టం కూడా ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో, అదీ వంద మందికి పైగా పిల్లలున్న బడిలో, పార్ట్ టైమ్ ఆర్ట్ టీచరు ఉండాలంది తప్ప చిన్న క్లాసుల ఊసెత్తలేదు. నవోదయలో ఆర్ట్ టీచర్లున్నారు, అక్కడ ఆరో తరగతి నుంచే మొదలు. కేంద్రీయ విద్యాలయాల్లో ఆ పోస్టు టీజీటీ స్థాయిలో ఉంటుంది, అంటే అదీ పెద్ద పిల్లలకే.

అలాగని చిన్న క్లాసుల్లో బొమ్మల పీరియడ్ లేదా అంటే ఉంది. చెప్పాల్సింది క్లాస్ టీచరే. ఎన్‌సీఈఆర్‌టీ 2024లో మూడో తరగతికి 'బాన్సురి' అని ఏకంగా ఆర్ట్ పుస్తకమే తెచ్చింది, బొమ్మలు, పాట, ఆట, నాటకం అన్నీ కలిపి. పాపం చాలామంది టీచర్లు ఆ పీరియడ్ వస్తే లెక్కలు చెప్పేస్తారు, లేదంటే "నోట్సులో మీకిష్టమైన బొమ్మ వేయండి" అని కరెక్షన్లు చేసుకుంటారు. వాళ్లను అనడానికి లేదు, వాళ్లకెవరూ నేర్పలేదు.

కాబట్టి మీ అమ్మాయి ముందు రెండు దారులున్నాయి. మొదటిది డీఎల్ఎడ్. ఇంటర్‌లో 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులైతే 45 శాతం మార్కులుండాలి, డీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, రెండేళ్ల కోర్సు, తర్వాత టీచరు అర్హత పరీక్ష టెట్, ఆ తర్వాత డీఎస్సీ. అప్పుడు తను ఎస్జీటీ అవుతుంది. రోజంతా తెలుగు, లెక్కలు, పరిసరాల విజ్ఞానం చెప్తూ అందులోనే బొమ్మలూ నేర్పుతుంది. రెండోది బీఎఫ్ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ, నాలుగేళ్లు. ఇంటర్‌లో ఏ గ్రూపైనా పర్వాలేదు, బైపీసీ అడ్డం కాదు. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఉంది, కడపలో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది, హైదరాబాద్ మాసాబ్ ట్యాంక్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్ఏఎఫ్ఏయూ) ఉంది. హైదరాబాద్‌కి అప్లై చేసేముందు లోకల్, నాన్ లోకల్ సీట్ల నిబంధన రెండుసార్లు చదవండి. ఈ దారిలో వెళ్తే ప్రధానంగా ప్రైవేటు, ఇంటర్నేషనల్ స్కూళ్లు. విడిగా ప్రైమరీ ఆర్ట్ టీచరు అనే ఉద్యోగం నిజంగా ఉన్నది అక్కడే, ఎక్కువగా హైదరాబాద్, బెంగళూరు లాంటి నగరాల్లోనే.

ఏది ఎంచుకోవాలో తేల్చడానికి అమ్మాయిని "నీకు పిల్లలంటే ఇష్టమా, బొమ్మలంటే ఇష్టమా" అని అడగొద్దు, రెండూ అంటుంది, అందరూ అలాగే అంటారు. ఇలా అడగండి: ఏడాదంతా తీసివేతలు, ఒత్తులు నేర్పుతూ వారానికి మూడు నాలుగు గంటలు మాత్రమే బొమ్మలు వేయిస్తే నీకు సరిపోతుందా, విసుగొస్తుందా? సరిపోతుందంటే డీఎల్ఎడ్, రెండో ఆలోచన వద్దు. విసుగొస్తుందంటే బీఎఫ్ఏ, కానీ ఊరు వదిలి వెళ్లడానికి సిద్ధపడాలి.

ఈ రెంటిలో ఏది చేసినా పక్కన డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు రాసి పెట్టుకోమనండి. ప్రభుత్వ పరీక్షల విభాగం పెడుతుంది, ఫీజు పెద్దగా ఉండదు. లోయర్ పాసైతే వేసవిలో 42 రోజుల టీటీసీ (టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్) ట్రైనింగ్‌కి వెళ్లొచ్చు. దానితోనే ఉద్యోగం వచ్చేస్తుందని కాదు, ఏదైనా స్కూలు డ్రాయింగు టీచరు కావాలన్నప్పుడు మొదట అడిగే కాగితం మన దగ్గర ఇప్పటికీ అదే.

ఇక ఇక్కడి నుంచి అమ్మాయితో మాట్లాడతాను.

చూడమ్మా, నేను మొదటిసారి రెండో తరగతి క్లాసుకి వెళ్లిన రోజు బోర్డు మీద బ్రహ్మాండంగా సీనరీ వేశాను. నీకు తెలిసిందే, రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, గుడిసె, కొబ్బరి చెట్టు, వంకర్లు తిరిగిన ఏరు, మూడు అంకె పడుకోబెట్టినట్టు పక్షులు. నలభై రెండు మంది పిల్లలు నలభై రెండు సీనరీలు వేసి ఇచ్చారు, ప్రిన్సిపాల్ మెచ్చుకున్నారు కూడా. గోదావరి గట్టున పుట్టి పెరిగిన పిల్లలమ్మా వాళ్లు, సగం మంది కొండ చూసి ఉండరు. ఆ కాగితాలు ఇంటికి తెచ్చి మంచం మీద పరుచుకుంటే ఏది ఎవరిదో పేరు చదివితే గానీ తెలియలేదు. అప్పుడు సిగ్గేసింది.

ఆరేళ్ల పిల్లాడికి బొమ్మ వేయడం మనం నేర్పక్కర్లేదు. వాడికి వాడి లెక్క ఉంటుంది. నాలుగైదేళ్లప్పుడు తలకాయ గీసి దాన్నుంచే కాళ్లు చేతులు దించేస్తాడు. ఏడెనిమిదేళ్లకు కాగితం కింద ఒక గీత గీస్తాడు, అది నేల, పైన నీలం పట్టీ, అది ఆకాశం, మధ్యలోదంతా ఖాళీ. బస్సు వేస్తే లోపల కూర్చున్న వాళ్లందరూ కాళ్లతో సహా కనిపించాలి, అమ్మ కడుపులో చెల్లి కనిపించాలి. వీటిని తప్పులని దిద్దావో, అయిపోయింది. తొమ్మిది పదేళ్లొచ్చాక అసలు పని మొదలవుతుంది. అప్పటిదాకా గోడలు ఖరాబు చేసిన పిల్ల హఠాత్తుగా "నాకు బొమ్మలు రావు మేడమ్" అంటుంది, ఎందుకంటే తను గీసిన ఆవు ఆవులా లేదని తనకే తెలిసిపోతుంది. నాలుగు, ఐదు తరగతుల్లో మంచి టీచరు లేకపోతే ఆ పిల్ల జీవితంలో మళ్లీ పెన్సిల్ పట్టదు. అప్పుడు కూర్చోబెట్టి చూడటం నేర్పాలి, అరటాకు మడత ఎక్కడ నీడలో పడుతుందో, సైకిల్ చక్రం ఏటవాలుగా చూస్తే ఎలా నలిగినట్టు కనిపిస్తుందో.

మీ మేడ మీద పదకొండు మందే. స్కూల్లో నలభై మంది, ఒకే కుళాయి, నలభై నిమిషాల పీరియడ్. బొమ్మ రావడం ఒక ఎత్తు, ఈ నలభై నిమిషాలు నడపడం ఇంకో ఎత్తు. బెండకాయ అచ్చుల క్లాసు చెప్తాను విను. బెండకాయ అడ్డంగా కోస్తే అంచులు తేలిన చక్కటి పువ్వు వస్తుంది కదా, పొద్దున్నే రెండు కిలోలు కొని క్లాసులోనే కోసి, పోస్టర్ కలర్లు ప్లేట్లలో పోసి ఇచ్చాను. జిగురు! రంగు అంటదు, జారిపోతుంది, పువ్వు బదులు మరకలు పడుతున్నాయి, ఇద్దరు ఏడుపు, ఒకడు బెండకాయ తినేశాడు, బెంచీల మీద రంగు, బెల్లు కొట్టేశారు. తర్వాత పీరియడ్‌కి వచ్చిన ఇంగ్లీషు మేడమ్ నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తే.

దాన్ని బాగుచేసింది నా తెలివి కాదు. వేరే స్కూల్లో ఒకటో తరగతి చెప్పే టీచరొకామె, నాకంటే చిన్నది, బొమ్మల్లో ఏ సర్టిఫికెట్టూ లేని మనిషి, మాటల్లో చెప్పింది: "ముందు రోజు రాత్రే కోసి పళ్లెంలో ఆరబెట్టండక్కా, రంగు ప్లేటులో పోయకండి, పెరుగు డబ్బా మూతలో తడి స్పాంజి ముక్క పెట్టి దాని మీద వేయండి, స్టాంపు ప్యాడ్ లాగా." అంతే. మరుసటి వారం రంగు మూడో వంతు కూడా అవ్వలేదు, కుళాయి దగ్గర లైనే లేదు.

స్కూల్లో ఆర్ట్ టీచరు ఒంటరిదమ్మా. లెక్కల వాళ్లకు స్టాఫ్ రూములో ఇంకో లెక్కల టీచరుంటారు, నీకెవరూ ఉండరు. అందుకే తోటి వాళ్లను వెతుక్కోవాలి, వాళ్లు ఆర్ట్ వాళ్లే అవ్వక్కర్లేదు. డీఎల్ఎడ్ దారిలో వెళ్తే చుట్టుపక్కల బళ్ల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగులు ఉంటాయి, బోధన సామగ్రి చూపించే టీఎల్ఎం మేళాలు ఉంటాయి, అక్కడ పది నిమిషాలు అడిగి తీసుకుని నీ క్లాసు ఒకటి చూపించు. ప్రైవేటులో అయితే చుట్టుపక్కల నలుగురు టీచర్లతో నువ్వే ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకో. కానీ ఫొటో ఒక్కటే పంపితే ఎవరికీ పనికిరాదు. ముప్పై కాగితం గుడ్లగూబలు వరసగా గోడకంటించిన ఫొటోలు కుప్పలు తెప్పలుగా దొరుకుతాయి, అన్నీ ఒకటే గుడ్లగూబ, సగం టీచరే కత్తిరించి ఉంటుంది. ఎంతమంది పిల్లలు, ఎన్ని నిమిషాలు, ఎంత ఖర్చు, శుభ్రం చేయడానికి ఎంతసేపు, ఎక్కడ చెడింది, ఇవి రాయి. చెడిన సంగతి ముందు రాయి, అప్పుడే అవతలి వాళ్లు నోరు విప్పుతారు. పిల్లల మొహాలు, పేర్లు మాత్రం తల్లిదండ్రుల్ని అడక్కుండా పెట్టకు.

"నా ఐడియా ఇంకొకరు వాడేసుకుంటే?" అని నా దగ్గరికి వచ్చే కుర్ర టీచర్లు అడుగుతుంటారు. వాడుకోనీ. నేనిచ్చిన చింతపండు గుజ్జు రాగిపాత్ర మీద రాసి బొమ్మలు తేల్చే ఐడియా ఇంకో టీచరు చేతిలో పడి పాత రాగి చెంబుల ప్రదర్శన అయ్యింది, పిల్లలు ఇళ్లలోంచి అమ్మమ్మల చెంబులు తెచ్చారట. నాకు అది తట్టనే లేదు.

మన వైపు ఉన్నవాటిని కూడా వదలకు. కాస్త దూరమైనా అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక వెళ్లి అంకుడు కర్ర లక్క బొమ్మలు తిప్పడం ఒక పూట చూడు. రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు గ్యాలరీ మీకు గంట ప్రయాణం. ఇరవై ఏడేళ్లకే పోయాడాయన, 1925లో. ఆయన చేతిలో పనితనం కుర్రతనంలోనే కనిపెట్టి ప్రోత్సహించి బొమ్మలు నేర్చుకోవడానికి బొంబాయి పంపింది రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే అనే ఇంగ్లీషు దొర. ఆ బొమ్మల ముందు నిలబడినప్పుడు దొరను కూడా ఒకసారి తలుచుకో.

మళ్లీ మీతో అండీ, డబ్బు సంగతి. ప్రైవేటు స్కూల్లో చేరేముందు రెండు విషయాలు కాగితం మీద రాయించుకోవాలి. ఒకటి, వేసవి జీతం ఇస్తారా, పది నెలలకేనా. రెండు, వారానికి ఎన్ని పీరియడ్లు. ఎందుకంటే ఆర్ట్ టీచరంటే చాలా చోట్ల యాన్యువల్ డే స్టేజీ డెకరేషన్, చీఫ్ గెస్టుకి స్వాగతం ముగ్గు, నోటీస్ బోర్డు అలంకరణ, ఇవన్నీ చేసే మనిషని అర్థం. నేను పనిచేసిన ఒక స్కూల్లో డిసెంబరు నెలంతా క్లాసే చెప్పనివ్వలేదు, థర్మోకోల్ కోస్తూ కూర్చున్నాను. ఆదివారం క్లాసు మాత్రం ఆపొద్దు, ఉద్యోగం వచ్చాక కూడా. దానికి ఫీజు తీసుకుంటోందో లేదో మీరు రాయలేదు, తీసుకోకపోతే వచ్చే నెల నుంచి కొద్దిగానైనా తీసుకోమనండి. మీ బావమరిది గారికి సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

డీసెట్ నోటిఫికేషన్ వచ్చేలోపు ఒక పని చేయించండి. మీ ఊరి ప్రాథమిక పాఠశాల హెడ్ మాస్టారిని కలిసి, వారానికి ఒక్క పీరియడ్, ఎనిమిది వారాలు, ఊరికే వచ్చి బొమ్మలు నేర్పుతానని అడగమనండి. మామూలుగా ఎవరూ కాదనరు. ప్రతి క్లాసు తర్వాత నోట్సులో ఒక పేజీ రాయాలి. ఎనిమిది పేజీలయ్యాక ఆ నోట్సు ఫొటోలు తీసి నాకు పంపండి, బొమ్మలవి వద్దు. ఒకటో తరగతి వాళ్ల దగ్గర ఎక్కువసేపు ఆగిందో, ఐదో తరగతి వాళ్ల దగ్గర ఆగిందో అందులో తెలిసిపోతుంది, డీఎల్ఎడ్డా బీఎఫ్ఏనా అన్నది అప్పుడు కూర్చుని తేల్చుకుందాం.