నడుస్తున్నప్పుడు మెదడు ఎలా వింటుంది?

ప్రశ్న: తెల్లవారుజామున మా వారితో కలిసి వేగంగా నడుస్తున్నప్పుడు, ఆయన మెల్లగా అన్న మాటలు నాకు సరిగా అందవు. ఆగి నిలబడితే మాత్రం స్పష్టంగా వినిపిస్తాయి. ఇది చెవి లోపమా, లేక నడకకూ వినికిడికీ సంబంధం ఉందా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: సంబంధం ఉంది. అడుగుల చప్పుడు, ఆయాసం, చెవులకు కొట్టే గాలి మెల్లని మాటను కొంత కప్పేస్తాయి. వాటికి తోడు మెదడు లోపల కూడా ఒక సర్దుబాటు జరుగుతుందని చిట్టెలుకల మీద చేసిన పరిశోధనలు చూపించాయి.

అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ ష్నైడర్, రిచర్డ్ మూనీల బృందం 2014లో ప్రచురించిన ప్రయోగాల ప్రకారం, చిట్టెలుక కదలికకు కొద్ది క్షణం ముందు నుంచే, దాని ఆడిటరీ కార్టెక్స్‌లోని (మెదడులో శబ్దాలను గ్రహించే భాగం) ప్రధాన నాడీకణాలు శబ్దాలకు స్పందించడం తగ్గుతుంది. కదలికలను నిర్దేశించే భాగం నుంచి వచ్చే నాడీతంతువులు అక్కడి నిరోధక కణాలను ఉత్తేజపరుస్తాయి. ఆ కణాలు తమ చుట్టూ ఉన్న వాటి జోరును తగ్గిస్తాయి. అంటే, కాళ్లకు వెళ్లే ఆదేశపు నకలు ఒకటి వినికిడి భాగానికి కూడా చేరుతోందన్నమాట.

దీని ప్రయోజనం ఏమిటో 2018లో వెలువడిన మరో ప్రయోగం చెప్పింది. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచే ఫలితం ఇదే. ఎలుక పరుగు వేగానికి తగ్గట్టు ఒకే స్వరం పదే పదే వినిపించే ఏర్పాటు చేశారు. కొన్ని రోజులు అలవాటు పడ్డాక, పరుగులో ఉన్నప్పుడు ఆ స్వరానికి స్పందన ప్రత్యేకంగా తగ్గింది, ఇతర స్వరాలకు అంతగా తగ్గలేదు. తన కదలిక వల్ల పుట్టే శబ్దమేదో మెదడు నేర్చుకుని దాన్నే అణచివేస్తోంది కాబట్టి, అనుకోని చప్పుడును పసిగట్టే వీలు మిగులుతుంది.

కదలికతో పాటు మెలకువ స్థాయి కూడా ముఖ్యమే. మాథ్యూ మెగిన్లీ, స్టీఫెన్ డేవిడ్, డేవిడ్ మెకార్మిక్ 2015లో ఎలుకల కంటిపాప పరిమాణాన్ని కొలుస్తూ, రొదలో దాగిన స్వరాన్ని అవి గుర్తించగలవేమో పరీక్షించారు. కంటిపాప బాగా చిన్నదై మగతగా ఉన్నప్పుడూ, బాగా పెద్దదై ఉద్రేకంలో ఉన్నప్పుడూ పనితీరు తగ్గింది. మధ్యస్థంగా, ప్రశాంతమైన మెలకువలో ఉన్నప్పుడే బాగుంది. చూపు విషయంలో తీరు వేరు: ఎలుక పరుగెత్తేటప్పుడు దృశ్యాలకు స్పందన పెరుగుతుందని క్రిస్టఫర్ నీల్, మైకేల్ స్ట్రైకర్ 2010లోనే చూపారు.

అయితే ఎలుకల ఫలితాలను మనుషులకు యథాతథంగా అన్వయించకూడదు. ఇంట్లో కూర్చున్నప్పుడు కూడా మాటలు అందకపోయినా, టీవీ శబ్దం పెంచవలసి వస్తున్నా, దాన్ని నడక ఖాతాలో వేయకుండా చెవి, ముక్కు, గొంతు వైద్యులను కలిసి వినికిడిని కొలిచే ఆడియోమెట్రీ పరీక్ష చేయించుకోండి.

ప్రశ్న: గొంతెత్తి పాడేటప్పుడు మన స్వరమే మన చెవులను ఎందుకు అదరగొట్టదు?
– ఒక సంగీత విద్యార్థి, విజయనగరం

జవాబు: గొంతు విప్పినప్పుడు మధ్యచెవిలోని స్టెపీడియస్ అనే చిన్న కండరం బిగుసుకుని, లోపలికి చేరే శబ్దాన్ని కొంత తగ్గిస్తుంది. మెదడు కూడా, రికార్డు చేసిన మన గొంతుకు స్పందించినంతగా, మనం మాట్లాడుతున్నప్పటి గొంతుకు స్పందించదు. రెక్కలు రాసి పెద్దగా అరిచే కీచురాయిలో, సొంత అరుపుకు స్పందనను ఇలా తగ్గించే ఒక నాడీకణాన్ని జేమ్స్ పౌలెట్, బెర్తోల్డ్ హెడ్విగ్ 2006లో గుర్తించారు. స్కిజోఫ్రీనియా అనే మానసిక వ్యాధి ఉన్నవారిలో, సొంత గొంతుకు స్పందనలో ఈ తగ్గింపు బలహీనంగా ఉంటుందని అధ్యయనాలు చెబుతున్నాయి. తమ లోపలి మాటే ఎవరో పలికినట్లు వారికి వినిపించడానికి ఇదొక కారణం కావచ్చని పరిశోధకులు భావిస్తున్నారు.